కాలనీ తోట ఎండిపోతోంది, కాంట్రాక్టర్‌ని మార్చేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 120 ఇళ్ళ కాలనీ. మధ్యలో దాదాపు 2,000 చదరపు మీటర్ల లాన్, చుట్టూ నడకదారి, చెట్లు, పిల్లల ఆటస్థలం. ముగ్గురు మాలీలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేస్తూనే ఉంటారు. అయినా లాన్ మచ్చలు మచ్చలుగా ఎండిపోతోంది. రెండేళ్ళ క్రితం నాటిన 11 చెట్లలో 6 చచ్చిపోయాయి. గ్రూపులో రోజూ ఫిర్యాదులే. తోట బాధ్యత కొత్తగా మీ మీద పడింది కాబట్టి కాంట్రాక్టర్‌ని మార్చేసి మొదలుపెడదామా అని అడుగుతున్నారు.

ఇప్పుడే మార్చకండి. మీరు చేయిస్తున్న పనిని ముందు మార్చండి. మాలీలకు పని చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. ఏ చోటు ఎంత శ్రద్ధగా చూడాలో కాగితం మీద తేల్చుకోవాలి. లాన్ మీద ఖర్చవుతున్న చేతుల్లో సగం తీసి చెట్ల మొదళ్ళకీ నీళ్ళ ఏర్పాటుకీ పెట్టాలి. మూడు నెలలు ఇలా నడిపించాక కూడా కాంట్రాక్టర్ మనుషులు పని ఎగ్గొడుతుంటే అప్పుడు మార్చండి. అప్పటికి కొత్తవాళ్ళకి ఏం రాసివ్వాలో కూడా మీకు తెలిసి ఉంటుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. చేతులకి తొడుగులు, ముఖానికి మాస్కు ఇవ్వకుండా పురుగుమందు కొట్టిస్తుంటే, పిల్లలు ఆడుకునే వేళలో కొట్టిస్తుంటే, మనుషులకి జీతాలు సరిగ్గా ఇవ్వకపోతే మూడు నెలలు ఆగొద్దు. ఆ మాట ఈరోజే తేల్చండి.

నేను ఈ పనిలో ఇరవై ఏళ్ళకి పైగా ఉన్నాను. మొదట సూపర్‌వైజర్‌గా చేశాను, తర్వాత కాలనీలకి తోటల ప్రణాళిక వేసి ఇచ్చే పనిలోకి వచ్చాను. ఒక కాలనీలో నాలుగేళ్ళలో ముగ్గురు కాంట్రాక్టర్లు మారాక నన్ను పిలిచారు. తోట అచ్చం మీరు చెప్పినట్టే ఉంది. నేను ఎవరినీ ఏమీ అడక్కుండా ఒకరోజంతా నోట్‌బుక్ పట్టుకుని పెద్ద మాలీ వెనకాలే తిరిగాను. ఆయన పొద్దున ఆరున్నరకి పైపు పట్టుకున్నారు. ఏడుంపావుకి ఒకరొచ్చి తమ గుమ్మం ముందు కంచె మొక్కలు కత్తిరించమన్నారు. పైపు గడ్డిలోనే వదిలేసి వెళ్ళారు, నీళ్ళు ఒకేచోట మడుగు కట్టాయి. ఎనిమిదింటికి ఇంకొకరు బాల్కనీలో కుండీలు జరపమన్నారు. తొమ్మిదిన్నరకి కమిటీలో ఒకాయన వచ్చి కంచె మొక్కలు అంత కురచగా ఎందుకు కొట్టావని కోప్పడ్డారు. మధ్యాహ్నానికి ఆయనకి పని చెప్పినవాళ్ళు ఏడుగురు. రోజంతా ఒళ్ళు వంచి పనిచేసిన మనిషి సాయంత్రానికి పూర్తిచేసిన పని ఒక్కటీ లేదు. నాలుగో కాంట్రాక్టర్ వచ్చినా ఆ తోట అలాగే ఉండేది.

అందుకే మొదటి వారంలో చేయాల్సింది ఒక్కటే: మాలీలకి పని చెప్పేది ఎవరో ఒకరి పేరు రాసి గేటు దగ్గర అంటించండి. మిగతా అందరూ ఆ మనిషికే చెప్పాలి. కమిటీ అధ్యక్షులకైనా ఇదే నియమం.

తర్వాత మ్యాప్. కాలనీ ప్లాన్ ఒకటి ప్రింటు తీసుకుని మూడు రంగుల పెన్సిళ్ళతో మొత్తం తిరగండి. జనం కూర్చునే, ఆగి చూసే చోట్లు ఒక రంగు: ప్రవేశద్వారం, బెంచీల చుట్టూ, పిల్లలు ఆడే చోటు. ఇక్కడ వారం వారం చేయి పడాలి. నడుస్తూ దాటిపోయే చోట్లు రెండో రంగు. ఇవి పచ్చగా ఉంటే చాలు, నెలకి ఒకటి రెండుసార్లు చూస్తే సరిపోతుంది. ప్రహరీ వెంబడి, పంపు గది వెనక, ఎవరూ వెళ్ళని మూలలు మూడో రంగు. అక్కడ గట్టి పొదలు వేసి, కింద ఎండుటాకులు పరిచి వదిలేయండి. ఏడాదికి రెండుసార్లు చూసుకుంటే చాలు. చాలా కాలనీల్లో మొత్తం స్థలాన్ని మొదటి రంగులాగా చూడాలనుకుంటారు. మనుషులు చాలక అంతా మూడో రంగులాగా తయారవుతుంది.

తిరిగేటప్పుడు గడ్డి మీద పడిన అడుగుల దారులు గమనించండి. బ్లాకు మూల నుంచి గేటుకి అడ్డంగా ఒక దారి కచ్చితంగా కనిపిస్తుంది. అక్కడ మట్టి నున్నగా, ఇటుకలా గట్టిపడి ఉంటుంది. దానికి తాడు కట్టి, బోర్డు పెట్టి, మళ్ళీ గడ్డి వేసి ప్రతి ఏడూ డబ్బు పోగొట్టుకున్న కాలనీలు చాలా చూశాను. జనం నడిచే చోట నాలుగు రాళ్ళు పరిస్తే అదే దారి అవుతుంది, రెండు పక్కలా గడ్డి కూడా బతుకుతుంది.

ఇక నీళ్ళు. మీ సమస్యలో సగం ఇక్కడే ఉందని నా అనుమానం.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. వాన లేని రోజుల్లో లాన్‌కి వారానికి సుమారు 25 మిల్లీమీటర్లు కావాలి. ఎండని బట్టి, గడ్డి రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. మీ 2,000 చదరపు మీటర్లకి అది వారానికి 50,000 లీటర్లు. చేతిపైపులో నిమిషానికి 20 లీటర్లు వస్తాయనుకుంటే 2,500 నిమిషాలు, అంటే దాదాపు 42 గంటలు. ఒక మాలీ వారం మొత్తం పైపు పట్టుకుని నిలబడితే తప్ప మీ లాన్ తడవదు! ఆ పని ఎవరూ చేయలేరు. అందుకని రోజూ అరగంటసేపు పైపైన చల్లుతారు, పైన అంగుళం తడుస్తుంది. వేళ్ళు ఆ అంగుళంలోనే ఉండిపోతాయి. రెండు రోజులు కరెంటు పోయి పంపు ఆగితే గడ్డి మాడిపోతుంది.

పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకెళ్ళి, నీళ్ళు పెట్టిన మర్నాడు పొద్దున లాన్‌లో పదిచోట్ల గుచ్చి చూడండి. వేలెడు లోతు కూడా దిగకపోతే నీరు లోపలికి పోవడం లేదని అర్థం. ఎండిన మచ్చల్లోనూ పచ్చగా ఉన్నచోటా పక్కపక్కనే గుచ్చితే తేడా మీ చేతికే తెలుస్తుంది. స్ప్రింక్లర్లు ఉంటే, ఒకే రకం ఖాళీ డబ్బాలు ఓ పది లాన్‌లో అక్కడక్కడా పెట్టి పదిహేను నిమిషాలు తిప్పండి. తర్వాత స్కేలుతో కొలవండి. ఒక డబ్బాలో 12 మిల్లీమీటర్లు, ఇంకోదాంట్లో 2 మిల్లీమీటర్లు ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. మీ ఎండు మచ్చలకి కారణం చాలావరకు ఆ రెండో డబ్బాలోనే దొరుకుతుంది. మూతి పూడిపోయిన నాజిల్, ఎదురుగా పెరిగిన పొద, వంగిపోయిన తల, ఇలాంటివే ఉంటాయి.

వారానికి రెండుసార్లు, తెల్లవారుజామున, నీరు లోతుగా దిగేలా పెట్టండి. ఇసుక నేలైతే మూడుసార్లుగా విడగొట్టండి. బంకమట్టి అయితే నీరు పారిపోకుండా కాసేపు పెట్టి, గంట ఆగి, మళ్ళీ పెట్టండి. రాత్రిపూట పెడితే ఆకు తడిగా ఉండిపోయి బూజు తెగుళ్ళు వస్తాయి. గట్టిపడిన చోట బోలు పళ్ళున్న గుచ్చు పరికరంతో రంధ్రాలు చేయించి, వాటిలో చివికిన కంపోస్ట్ నింపండి. ఇది శ్రమతో కూడిన పనే. కానీ ఎరువు బస్తాలకి పెట్టే డబ్బు కన్నా మంచి ఫలితం ఇస్తుంది.

మురుగు శుద్ధి చేసిన నీళ్ళు వాడుతుంటే ఒక జాగ్రత్త. మట్టి పైన తెల్లటి పొర, ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగు కనిపిస్తే లవణాలు పేరుకుంటున్నట్టు. నీటినీ మట్టినీ పరీక్షకి పంపండి. అప్పుడప్పుడు మంచినీటితో గట్టిగా తడిపితే లవణాలు కిందికి దిగుతాయి, అయితే అడుగున నీరు బయటికి పోయే దారి ఉండాలి.

ఇంత చెప్పాక నా అసలు సలహా: లాన్‌ని తగ్గించండి. 2,000 చదరపు మీటర్లలో పిల్లలు ఆడేది, పెద్దలు కూర్చునేది ఎంతో ఒక నెల గమనించండి. సాధారణంగా సగం కూడా ఉండదు. దట్టమైన చెట్టు నీడలో గడ్డి ఎలాగూ బతకదు, అక్కడ ప్రతి ఏడూ గడ్డి పలకలు కొని పరచడం ఆపేయండి. నీడని తట్టుకునే నేలపరుపు మొక్కలు వేయండి, లేదా ఎండుటాకుల పరుపు చాలు. మిగిలిన లాన్‌ని కోసేటప్పుడు ఒక్కసారిలో గడ్డి ఎత్తులో మూడోవంతు కన్నా ఎక్కువ తీయొద్దు. కోసిన మర్నాడు ఒక పరక తెంపి చివర చూడండి. నున్నగా తెగి ఉంటే బ్లేడు బాగుంది. పీచులు పీచులుగా చిరిగి తెల్లబడితే బ్లేడు మొద్దుబారిందన్నమాట, లాన్ మొత్తం దూరం నుంచి పాలిపోయి కనిపించేది అందుకే. కోసిన సన్నటి గడ్డిని లాన్ మీదే వదిలేస్తే అదే ఎరువు.

ఇప్పుడు చెట్లు. చచ్చిపోయిన ఆ ఆరు చెట్ల సంగతి చదివి బాధేసింది. గడ్డి మళ్ళీ వేస్తే ఒక్క వానాకాలంలో వస్తుంది. చెట్టుకి పట్టిన ఏళ్ళు మళ్ళీ రావు.

బతికున్న అయిదింటి దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చోండి. మొదట బెరడు చూడండి. నేలకి జానెడు ఎత్తులోపు బెరడు లేచిపోయి, చుట్టూ గాట్లు కనిపిస్తే అది తెగులు కాదు, గడ్డి కోసే బ్రష్ కట్టర్ యంత్రం నైలాన్ తీగ దెబ్బ. చెట్టు తయారుచేసుకున్న ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్ళకి దిగుతుంది. ఆ పొర చుట్టూరా తెగితే వేళ్ళు ఆకలితో చచ్చిపోతాయి. కొన్ని నెలల దాకా పైన ఆకులు బాగానే ఉంటాయి, అందుకని కారణం ఎవరికీ తోచదు. ఒక కాలనీలో పురుగు పట్టిందని ఏడాదిపాటు మందు కొట్టించారు. నేను వెళ్ళి గడ్డి పక్కకి తీసి చూపిస్తే, వరసగా పద్నాలుగు చెట్లకీ ఒకే ఎత్తులో ఒకే రకం గాటు. ఆ కాలనీ మాలీ ఎంత బాధపడ్డారో! ఆయన చేతులారా నీళ్ళు పోసి పెంచిన చెట్లవి. గడ్డి మొదలు దాకా శుభ్రంగా కనిపించాలని ఆయన మీద ఒత్తిడి పెట్టింది కమిటీయే. మందు ఆపి, ప్రతి చెట్టు చుట్టూ మీటరు వెడల్పున గడ్డి తీసేయించి ఆకులు పరిపించాం. గాటు చుట్టూ పూర్తిగా తిరగని తొమ్మిది చెట్లు బతికాయి.

మీరూ అదే చేయండి. ప్రతి చెట్టుకీ మీటరు వెడల్పు పాదు, అందులో మూడు నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులో చెక్కపొట్టో పరవాలి, కానీ మాను చుట్టూ బెత్తెడు ఖాళీ వదలాలి. మానుకి ఆనించి కుప్ప పోస్తే బెరడు చెమ్మకి కుళ్ళిపోతుంది. పాదు ఉన్నచోటికి బ్రష్ కట్టర్ రావాల్సిన అవసరమే ఉండదు.

రెండోది, వేళ్ళతో మట్టి మెల్లగా తీసి చూడండి. మాను నేలలోకి దిగేచోట వెడల్పై, వేళ్ళుగా విడిపోయే భాగం పైకి కనిపించాలి. స్తంభం పాతినట్టు మాను తిన్నగా మట్టిలోకి దిగిపోతే లోతుగా నాటారని అర్థం. నాటిన రెండు మూడేళ్ళలోపు చెట్లు చావడానికి నేను చూసిన కారణాల్లో ఇదే ఎక్కువ. అదనపు మట్టి తీసేయండి. ఊతకర్రకి కట్టిన తాడు బెరడులోకి దిగిపోయిందేమో చూడండి. ఏడాది దాటితే ఊతకర్ర తీసేయడమే మంచిది, గాలికి ఊగితేనే మాను బలపడుతుంది.

కొమ్మలు కొట్టించేటప్పుడు పైభాగం మొత్తం నరికేయడానికి ఒప్పుకోకండి. అలా నరికిన చోట పుట్టే కొత్త కొమ్మలు పైపైన అతుక్కుని ఉంటాయి, పెద్దయ్యాక గాలికి విరిగి కార్ల మీదా మనుషుల మీదా పడేవి అవే. కొమ్మ మానుతో కలిసేచోట ఉబ్బెత్తుగా ఒక మడత ఉంటుంది. కోత దానికి బయటే పడాలి. కోసినచోట రంగు పూయడం, సిమెంటు మెత్తడం వద్దు. అమెరికా అటవీశాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను నిలువుగా కోసి పరిశీలించారు. చెట్టు గాయాన్ని మనలాగా మాన్పుకోదని, దాని చుట్టూ లోపల గోడలు కట్టుకుని కుళ్ళుని అక్కడే ఆపేస్తుందని 1970లలో ఆయన చూపించారు. రంగు ఆ పనికి సాయం చేయదు.

ఇంకొకటి, కేబుల్ కోసమో పైపు కోసమో కందకం తవ్వేటప్పుడు మీకు చెప్పకుండా పార వేయకూడదని కాలనీ అంతా తెలిసేలా రాయించండి. చెట్టు వేళ్ళలో ఎక్కువ భాగం నేలలో పై అడుగున్నర, రెండడుగుల్లోనే ఉంటాయి, కొమ్మల పరిధి దాటి కూడా పరుచుకుంటాయి. మాను పక్కనే కందకం తవ్వితే ఒక పక్క వేళ్ళన్నీ పోయినట్టే.

కొత్తగా ఆరు చెట్లు నాటేటప్పుడు అన్నీ ఒకటే రకం వేయొద్దు. వరసగా ఒకేలా ఉంటే అందమేగానీ, ఒక తెగులు వస్తే వరస మొత్తం పోతుంది. గత శతాబ్దంలో ఐరోపా, అమెరికా ఊళ్ళలో వీధుల పొడుగునా వేసిన ఎల్మ్ చెట్లు ఒకే శిలీంధ్ర తెగులు వల్ల లక్షల్లో చచ్చిపోయాయి. ఫ్రాంక్ సాంటమూర్ అనే వృక్ష శాస్త్రవేత్త 1990లో ఒక లెక్క చెప్పారు: మొత్తం చెట్లలో ఒక జాతి 10 శాతం, ఒక ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) 20 శాతం, ఒక కుటుంబం (దగ్గరి ప్రజాతుల గుంపు) 30 శాతం దాటకూడదు. చిన్న కాలనీలో ఇది అక్షరాలా కుదరదు, కానీ ఆరింటికి కనీసం మూడు రకాలైనా వేయండి. పెరిగాక ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అవుతుందో కనుక్కునే గొయ్యి తీయించండి. నాటాక మొదటి రెండేళ్ళూ నీళ్ళు ఎవరు పోస్తారో పేరు రాసి పెట్టుకోండి. ఆ పేరు రాయలేకపోతే ఈ ఏడాది నాటకండి.

రాలిన ఆకులు బయటికి పంపడానికి డబ్బు కడుతున్నారా? మూడో రంగు మూలలో కంపోస్ట్ గుంటలు రెండు పెట్టించండి. ఎండుటాకులు మూడు బుట్టలకి పచ్చిగడ్డి ఒక బుట్ట, పిండితే చుక్క రాలీ రాలనట్టు తడి, పది రోజులకోసారి తిరగేయడం. కుప్ప మధ్యలో చేయి పెట్టలేనంత వేడి పుడితే సరిగ్గా నడుస్తున్నట్టు. కంపు కొడితే పచ్చిది ఎక్కువైంది, ఇంకో బుట్ట ఎండుటాకులు కలపండి.

వానలకి నెల ముందే కాలువలు, జాలీలు శుభ్రం చేయించి, బకెట్లతో నీళ్ళు పోసి పారుతున్నాయో లేదో దగ్గరుండి చూడండి. డెంగీ మోసే దోమ గుడ్డు నుంచి రెక్కల దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. అందుకని కుండీల కింది పళ్ళాలు, తాగునీటి తొట్లు, వాడని ఫౌంటెన్లు వారానికోసారి వంపేయాలి. ఉయ్యాల గొలుసుల కొక్కేలు, జారుడుబల్ల బోల్టులు కూడా అదే రోజున చేత్తో పట్టుకుని లాగి చూడాలి, దూరం నుంచి చూస్తే అరుగుదల కనిపించదు.

ఒప్పందం తిరగరాసేటప్పుడు "ముగ్గురు మాలీలు, ఎనిమిది గంటలు" అని రాయకండి. అలా రాస్తే మనుషులు ఉన్నారో లేరో లెక్కపెట్టుకోవడమే మీ పనవుతుంది. మొదటి రంగు చోట గడ్డి ఎంత ఎత్తు దాటకూడదు, ప్రతి చెట్టు పాదు ఎలా ఉండాలి, కలుపు ఎన్ని రోజుల్లో తీయాలి అని రాయండి. నెలకోసారి మీరూ, కాంట్రాక్టర్ తరఫు మనిషీ, పెద్ద మాలీ ముగ్గురూ కలిసి మ్యాప్ పట్టుకుని తిరగండి, ఒకేచోట నిలబడి ఫొటోలు తీయండి. ఆ నడకలో మాలీని మాట్లాడనివ్వండి. ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ వాల్వు లీకవుతుందో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు, చాలాచోట్ల ఆయన్ని అడిగినవాళ్ళే ఉండరు. వాళ్ళకి నీడలో కూర్చోవడానికో చోటు, తాగే నీళ్ళు, పదునైన కత్తెరలు, మంచి బూట్లు ఉన్నాయా అని మొదటి నడకలోనే చూడండి.

చివరగా మీరు అడిగిన ఇంకో మాట, ఇళ్ళవాళ్ళు ఉమ్మడి స్థలంలో సొంత మొక్కలు పెట్టేస్తున్నారని. పీకించకండి. మొక్కల మీద ప్రేమున్న వాళ్ళే రేపు మీకు తోడు నిలబడతారు. రెండో రంగు చోట్లలో ఒక పట్టీ వాళ్ళకి ఇచ్చి, మూడే షరతులు రాయించుకోండి: నీళ్ళు వాళ్ళే పోయాలి, ముళ్ళ మొక్కా విషపు మొక్కా నడకదారి పక్కన ఉండకూడదు, రెండు నెలలు చూడకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మీ మట్టి ఏ రకమో, నీళ్ళు బోరువా శుద్ధి చేసినవా ఆ డబ్బాల కొలతలతో పాటు రాయండి, ఏ రోజు ఎంతసేపు నీళ్ళు పెట్టాలో లెక్క వేసి ఇస్తాను.